దయ్యమా, భ్రాంతియా: 'జాంగ్‌హ్వా, హోంగ్‌ర్యోన్' (2003) చిత్రంలో సాక్ష్య సమస్య

వ్యాససంగ్రహం:

కిమ్ జీ-ఉన్ దర్శకత్వంలో 2003లో వచ్చిన కొరియన్ చిత్రం 'జాంగ్‌హ్వా, హోంగ్‌ర్యోన్'ను చాలామంది ఒక మనోరోగి భ్రాంతుల కథగా చదువుతారు. కథానాయిక సూ-మి చూసినవాటిలో అధికభాగం భ్రాంతులే. అయితే ఆమె కళ్లతో నిమిత్తం లేకుండా ఇతరులకు కనిపించిన ఆకారాలు కూడా చిత్రంలో ఉన్నాయి. ఈ రెంటినీ విడదీసి పరిశీలిస్తే, భ్రాంతి సూ-మి తనకు తెలిసినదానినుంచి తప్పించుకొనే మార్గమనీ, దయ్యం ఆమెకు తెలియనిదానికి సాక్ష్యమనీ తేలుతుంది. చోసన్ కాలపు మూలకథలో దయ్యానికి ఉన్న ఫిర్యాది పాత్రను చిత్రం ఎలా మార్చుకున్నదో చూపుతూ ఈ భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కొరియన్ సినిమా, జానపదకథ, దయ్యం, భ్రాంతి, అపరాధభావన, సవతితల్లి, సాక్ష్యం.

1. ప్రవేశిక:

'జాంగ్‌హ్వా, హోంగ్‌ర్యోన్' చిత్రం ఇతర దేశాల్లో 'ఎ టేల్ ఆఫ్ టూ సిస్టర్స్' అన్న పేరుతో ప్రసిద్ధం. అక్క సూ-మిగా ఇమ్ సూ-జంగ్, చెల్లెలు సూ-యోన్‌గా మూన్ గున్-యంగ్, సవతితల్లి ఉన్-జూగా యమ్ జంగ్-ఆ, తండ్రి మూ-హ్యోన్‌గా కిమ్ కాప్-సు నటించారు. తెర మీద కనిపించే క్రమంలో కథ ఇది: మానసిక చికిత్సాలయంలో వైద్యుడు ఒక అమ్మాయిని "ఆ రోజు ఏం జరిగిందో చెప్పు" అని అడుగుతాడు. ఆమె మాట్లాడదు. తరవాత ఇద్దరు అక్కచెల్లెళ్లు తండ్రితో కలిసి ఊరికి దూరంగా, చెరువుకు దగ్గరలో ఉన్న తమ ఇంటికి చేరుకుంటారు. అక్కడ సవతితల్లి అతిమర్యాదతో, లోపల కత్తులు దాచుకున్న నవ్వుతో ఎదురవుతుంది. రాత్రుళ్లు అడుగుల చప్పుళ్లు వినిపిస్తాయి. మెడ పక్కకు వాలిన స్త్రీ ఆకారం ఒకటి సూ-మి మంచం దగ్గరికి వస్తుంది. సవతితల్లి పెంచుకుంటున్న పక్షి చనిపోయి సూ-యోన్ పక్కలో దొరుకుతుంది. కోపంతో ఆమె సూ-యోన్‌ను బట్టల బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. సూ-మి తండ్రిని నిలదీసినప్పుడు ఆయన నోటినుంచి ఒక్క మాట వస్తుంది: సూ-యోన్ చనిపోయింది.

ఆ మాటతో అంతవరకూ చూసినదంతా తలకిందులవుతుంది. ఆ ఇంట్లో ఉన్నది తండ్రి, సూ-మి మాత్రమే. సూ-యోన్ లేదు. మనం చూసిన ఉన్-జూ కూడా ఉన్-జూ కాదు. ఆమె మాటలనూ నడకనూ కోపాన్నీ తనమీద ఆరోపించుకొన్న సూ-మి. అసలు ఉన్-జూ చివరిలో మాత్రమే గుమ్మంలో అడుగుపెడుతుంది.

ఇక్కడితో చిత్రం ముగిసి ఉంటే దానిమీద ఇంత చర్చకు అవకాశం ఉండేది కాదు. మనసు చేసిన మాయ అని చెప్పి పుస్తకం మూసేయవచ్చు. కాని ఈ వివరణ పూర్తయిన తరవాత కూడా చిత్రం సాగుతుంది. సూ-మి తిరిగి చికిత్సాలయానికి వెళ్లిపోయాక, ఆమె లేని ఇంట్లో, బీరువా తలుపు తెరుచుకుంటుంది. ఈ వ్యాసానికి మూలప్రశ్న ఆ తలుపు దగ్గరే మొదలవుతుంది.

2. మూలకథలో దయ్యం ఒక ఫిర్యాది:

చిత్రానికి ఆధారం కొరియాలో చోసన్ రాజవంశకాలంనుంచి ప్రచారంలో ఉన్న 'జాంగ్‌హ్వా హోంగ్‌ర్యోన్ జోన్'. జాంగ్‌హ్వా అంటే గులాబి, హోంగ్‌ర్యోన్ అంటే ఎర్రతామర. 1924లోనే ఈ కథ మూకీ చిత్రంగా వచ్చింది. కొరియా ప్రేక్షకుడికి ఇది చిన్నప్పటినుంచి విన్న కథ కాబట్టి, చిత్రం పేరు చూడగానే సవతితల్లి దుర్మార్గురాలనీ అక్కచెల్లెళ్లు బాధితులనీ ముందుగానే తీర్పు ఇచ్చేస్తాడు. దర్శకుడు ఆ ముందస్తు తీర్పును పెట్టుబడిగా వాడుకున్నాడు.

పాఠాంతరాలు చాలా ఉన్నా కథ సారాంశం ఒకటే. తల్లి చనిపోయాక తండ్రి రెండో పెళ్లి చేసుకుంటాడు. జాంగ్‌హ్వాకు పెళ్లి చేయవలసి వచ్చినప్పుడు సవతితల్లి చర్మం ఒలిచిన ఎలుకను ఆమె పక్కలో పెట్టి, గర్భస్రావం జరిగిందని నింద వేస్తుంది. పరువు పోయిందన్న భయంతో తండ్రి నమ్ముతాడు. సవతితల్లి కొడుకు జాంగ్‌హ్వాను చెరువులోకి తోసేస్తాడు. నిజం తెలిసిన హోంగ్‌ర్యోన్ అదే చెరువులో ప్రాణం తీసుకుంటుంది. ఆ తరవాత ఆ ప్రాంతానికి వచ్చిన ప్రతి కొత్త అధికారీ తొలిరాత్రే చనిపోతుంటాడు. చివరికి ధైర్యవంతుడైన ఒక అధికారి తన ముందుకు వచ్చిన దయ్యాలను చూసి పారిపోకుండా, ఎందుకు వచ్చారని అడుగుతాడు. వాళ్లు చెప్పినదాని ప్రకారం విచారణ జరిపి, పిండమని చూపినదాన్ని కోయించి చూస్తే లోపల ఎలుక పెంటికలు బయటపడతాయి. సవతితల్లికి మరణదండన పడుతుంది. తండ్రిని మాత్రం క్షమించి వదిలేస్తారు. అతడు మళ్లీ పెళ్లి చేసుకోగా అక్కచెల్లెళ్లు కవలలుగా పుడతారు.

ఈ కథలో దయ్యం ఎవరినీ చంపాలని రాలేదన్న సంగతి గమనించాలి. అధికారులు చనిపోయింది భయంతో. దయ్యానికి కావలసింది వినే చెవి. బతికి ఉన్నప్పుడు నోరెత్తే హక్కు లేని ఆడపిల్ల, చచ్చాక మాత్రమే కచేరీకి వచ్చి అర్జీ పెట్టుకోగలుగుతుంది. అన్యాయంగా చనిపోయి, ఆ అన్యాయం తీరక తిరిగే దయ్యాన్ని కొరియన్లు వోన్‌గ్వీ అంటారు. వాళ్ల సంస్కృతిలో తరచుగా ప్రస్తావనకు వచ్చే 'హాన్' అన్న భావన, అంటే తీర్చేవాళ్లు లేక లోపలే గడ్డకట్టిన దుఃఖం, ఈ కథలకు ప్రాణం. మూలకథలో దయ్యం ఉన్నదా లేదా అన్న సందేహమే లేదు. ఉన్న సందేహమల్లా దాని మాటను ఎవరు వింటారన్నది.

కిమ్ జీ-ఉన్ చిత్రంలో కచేరీ లేదు. అధికారి కూర్చున్న చోట వైద్యుడు కూర్చున్నాడు. అతడూ అడుగుతాడు, అయితే బతికి ఉన్న పిల్లను అడుగుతాడు. ఆమె చెప్పదు. చనిపోయినదాన్ని అడిగేవారు లేరు. మూలకథకూ చిత్రానికీ మధ్య జరిగిన ముఖ్యమైన మార్పు ఇదేనని నా అభిప్రాయం.

3. పరిభాష గురించి:

విశ్లేషణలోకి వెళ్లేముందు కొన్ని మాటలను స్థిరపరుచుకోవాలి. భ్రమ, భ్రాంతి, విభ్రమం అన్న పదాలను మన రచనల్లో ఒకదాని బదులు మరొకటి వాడుతుంటాం. ఈ వ్యాసంలో, ఎదురుగా ఉన్న వస్తువును మరొకటిగా పొరబడటాన్ని భ్రమ అంటున్నాను. తాడును పాముగా చూడటం దానికి ప్రసిద్ధ ఉదాహరణ. ఎదుట ఏ వస్తువూ లేకుండానే చూడటం, వినడం భ్రాంతి. అధిష్ఠానం లేని భ్రమ ఉండదని అద్వైతులు వాదించారు. పాము కనిపించాలంటే ఎక్కడో తాడు ఉండాలి. మనోవైద్యం అటువంటి తాడును కోరదు. ఈ చిత్రాన్ని చదవడానికి మాత్రం అద్వైతుల పట్టుదల ఎక్కువ ఉపయోగపడుతుంది. సూ-మికి ఎదుట చెల్లెలు లేకపోవచ్చు. అయినా ఆమె చూసిన ప్రతిదానికీ ఆధారంగా ఆ ఇంట్లో నిజంగా జరిగిన సంఘటన ఒకటి ఉంది.

రెండో విషయం త్స్వేతాన్ తొదొరోవ్ 1970లో ప్రతిపాదించిన విభాగం. వింత సంఘటన ఎదురైనప్పుడు దానికి లౌకికమైన కారణం ఉందా, లేక లోకనియమాలకు అతీతమైనదేదో జరిగిందా అని పాఠకుడు తేల్చుకోలేక ఊగిసలాడే స్థితి అద్భుతసాహిత్యానికి లక్షణమని ఆయన అన్నాడు. లౌకిక కారణం దొరికితే రచన ఒక వర్గంలోకి, అతీతశక్తిని ఒప్పుకుంటే మరో వర్గంలోకి వెళ్లిపోతుంది. హెన్రీ జేమ్స్ 1898లో ప్రచురించిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' చివరిదాకా తేలని రచనకు తరచుగా చూపే ఉదాహరణ. అక్కడ దయ్యాలను చూశానని చెప్పేది ఒక్క పంతులమ్మే. అందుకే ఎడ్మండ్ విల్సన్ వంటి విమర్శకుడు అవి ఆమె మనసులోవేనని వాదించగలిగాడు.

కిమ్ జీ-ఉన్ చిత్రం తేలకుండా ఉండిపోదు. మొదట లౌకిక కారణాన్ని పూర్తిగా చెప్పేస్తుంది. అది చెప్పి ముగించాక దయ్యాన్ని తెస్తుంది. మన దక్షిణభారత ప్రేక్షకులకు బాగా పరిచయమైన 'మణిచిత్రత్తాళ్' (1993), దాని అడుగుజాడల్లో తెలుగులోకి వచ్చిన 'చంద్రముఖి' (2005) ఇందుకు ఎదురుదారిలో నడుస్తాయి. అక్కడ ఊరంతా దయ్యమని నమ్మినదాన్ని మనోవైద్యుడు వచ్చి రోగమని తేలుస్తాడు, కథ కుదుటపడుతుంది. ఆ అలవాటుతో ఈ కొరియన్ చిత్రాన్ని చూసేవారు రోగమని తేలిన దృశ్యాన్నే ముగింపుగా పొరబడటం సహజం.

4. ఒకే దేహంలో ముగ్గురు:

సూ-మి భ్రాంతులకు చిత్రం పరచిన ఆనవాళ్లు చాలా పకడ్బందీగా ఉన్నాయి. రెండోసారి చూసేవారికే అవి కనిపిస్తాయి. తండ్రి ఒక్కసారి కూడా సూ-యోన్‌ను పేరు పెట్టి పిలవడు, ఆమె వైపు చూసి మాట్లాడడు. సవతితల్లికి తండ్రి రెండు మాత్రలు చేతిలో పెడతాడు. భార్యకు భర్త ఇచ్చే మందుగా మొదట తోచే ఆ చిన్న పని, తరవాత రోగికి మందు ఇస్తున్న తండ్రి పనిగా అర్థమవుతుంది. ఆయన ఆమెతో ఒకే గదిలో పడుకోకపోవడానికి కారణం కూడా అప్పుడే తెలుస్తుంది.

వీటన్నిటికంటే లోతైన ఆనవాలు నెలసరి ప్రస్తావన. సూ-యోన్‌కు రాత్రి బహిష్టు అవుతుంది. చెల్లెలికోసం సూ-మి సవతితల్లి గదికి వెళ్తుంది. ముగ్గురికీ ఒకే రోజు వచ్చిందన్న సంగతిని సవతితల్లి విచిత్రంగా ఉందే అన్నట్టు ప్రస్తావిస్తుంది. ఒక ఇంట్లో ఉండే ఆడవాళ్ల మధ్య మామూలుగా నడిచే సంభాషణలా తోచే ఈ మాటలో కథ రహస్యమంతా ఉంది. రక్తం ఒక్కరిదే. మగవాడైన తండ్రి చెవిన పడని, పడినా పట్టించుకోని ఒక గృహవిషయంలో అసలు సాక్ష్యాన్ని దాచడం దర్శకుడి సూక్ష్మదృష్టికి నిదర్శనం.

సవతితల్లి రక్తం ఓడుతున్న గోనెసంచీని ఈడ్చుకుపోయే ఘట్టం భ్రాంతికి పరాకాష్ఠ. సంచీలో సూ-యోన్ ఉందని సూ-మి, ఆమెతోపాటు మనమూ నమ్ముతాం. ఆ తరవాత జరిగే పెనుగులాట భయంకరంగా ఉంటుంది. నిజానికి సంచీలో ఉన్నది ఒక బొమ్మ. పెనుగులాడింది ఒక్కతే.

ఈ ముగ్గురి పంపకాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? వ్యాఖ్యాతలు తరచుగా బహుళవ్యక్తిత్వ రుగ్మత అన్న పేరు చెప్పి ఊరుకుంటారు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో 1994నుంచి దానికి విచ్ఛిన్న వ్యక్తిత్వ రుగ్మత అన్న అర్థమిచ్చే పేరు వచ్చింది. పేరు పెట్టినంత మాత్రాన వివరణ అయిపోదు. చనిపోయిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని మాట్లాడటం ఆ రుగ్మతకు ప్రధాన లక్షణమూ కాదు. రోగనామంకంటే ఫ్రాయిడ్ 1917 నాటి వ్యాసంలో శోకానికీ విషాదరోగానికీ చూపిన భేదం ఇక్కడ ఎక్కువ వెలుగునిస్తుంది. శోకించేవాడు పోయినవారిని క్రమంగా వదులుకుంటాడు. విషాదరోగి వదులుకోలేక వారిని తన లోపలికి తీసుకుంటాడు. ఎదుటివారిమీద ఉన్న నింద తనమీదికే మళ్లుతుంది. సూ-మి లోపలికి తీసుకున్నది చెల్లెలిని మాత్రమే కాదు, చెల్లెలిని హింసించిన స్త్రీని కూడా. కాపాడవలసిన అక్క, కాపాడబడని చెల్లెలు, హింసించే సవతితల్లి ముగ్గురినీ ఒక్క దేహంలో నిలిపి, జరగని రక్షణను ఆమె మళ్లీ మళ్లీ జరిపిస్తున్నది. ప్రతిసారీ విఫలమవుతున్నది.

బీరువానుంచి సూ-యోన్‌ను బయటికి తెచ్చి కౌగిలించుకొన్నప్పుడు సూ-మి క్షమాపణ కోరుతుంది: నీ కేక నాకు వినిపించలేదు. భ్రాంతిలో పలికిన ఈ మాట అక్షరాలా నిజమని ప్రేక్షకుడికి తెలిసేది చిత్రం చివరలో.

5. సూ-మివి కాని కళ్లు:

ఇంతవరకూ చూసినవన్నీ భ్రాంతివాదాన్ని బలపరిచేవే. ఇక దానికి లొంగని రెండు ఘట్టాలను పరిశీలించాలి.

మొదటిది విందు. ఉన్-జూ తమ్ముడు, అతని భార్య భోజనానికి వస్తారు. సవతితల్లి చిన్ననాటి ముచ్చట్లు చెబుతూ పగలబడి నవ్వుతుంది. తమ్ముడు తనకు అవేవీ గుర్తులేవంటాడు. తండ్రి తల వంచుకొని కూర్చుంటాడు. తన అక్కలా మాట్లాడుతున్న ఒక పిల్లముందు కూర్చున్న మనిషి ఇబ్బంది అది. అంతలో తమ్ముడి భార్యకు ఊపిరాడక, మూర్ఛ వచ్చి కిందపడిపోతుంది. తిరుగుప్రయాణంలో, కారులో, ఆమె భర్తతో చెబుతుంది: ఆ ఇంట్లో వంటగది సింకు కింద ఒక అమ్మాయిని చూశాను.

ఈ కారు దృశ్యంలో సూ-మి లేదు. చెప్పిన మనిషికి సూ-మి భ్రాంతులతో సంబంధం లేదు. దయ్యాన్ని చూశానని చెప్పుకొని పొందవలసిన లాభమూ లేదు. న్యాయస్థానాల భాషలో చెప్పాలంటే ఆమె తటస్థసాక్షి. మూలకథలో తొలిరాత్రే చనిపోయిన అధికారులు ఇక్కడ గుర్తుకురావాలి. చూడగలిగింది, వినలేకపోయింది, ఆమె దేహమే భయాన్ని భరించలేక పడిపోయింది.

తరవాత సవతితల్లి అదే సింకు దగ్గర వంగినప్పుడు లోపలినుంచి ఒక చేయి వచ్చి ఆమె చేతిని పట్టుకుంటుంది. ఈ సవతితల్లి నిజానికి సూ-మి కాబట్టి ఇది ఆమె భ్రాంతి అనుకోవాలి. ఒక బయటి మనిషి కళ్లకు, ఒక రోగి కళ్లకు, వేరువేరు సమయాల్లో, ఒకే చోట ఒకే ఆకారం తగిలిందన్నమాట. దయ్యం, భ్రాంతి ఒకదానినొకటి తోసిపుచ్చుకొనే రెండు వివరణలని మనం అనుకొంటాం. ఇక్కడ రెండూ ఒకే సింకు కింద ఉన్నాయి. పైన చెప్పిన తాడు ఇదే. సూ-మి పామును చూసిందని నవ్వేవాళ్లు తాడును కూడా కాదంటున్నారు.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, అది బలమైనదే. చిత్రమంతా వైద్యుడి ప్రశ్నతో మొదలైంది కాబట్టి, తరవాత వచ్చేదంతా సూ-మి మనసులో నడిచే కథనమే కావచ్చు. కారు దృశ్యాన్ని కూడా ఆమె ఊహించి ఉండవచ్చు. ఈ వాదాన్ని తర్కంతో పూర్తిగా కొట్టివేయలేం. అయితే అది తన చేతిలోని ఆయుధాన్నే పోగొట్టుకుంటుంది. కారు ఊహ అయితే విందు ఊహ, తండ్రి పలికిన మాట ఊహ, సూ-యోన్ చనిపోయిందన్న సమాచారమూ ఊహే అవుతుంది. అప్పుడు ఆమెను రోగి అని చెప్పడానికి ఆధారం మిగలదు. పైగా దర్శకుడు సూ-మి భ్రాంతుల చుట్టూ మాత్రలు, నెలసరి, తండ్రి మౌనం వంటి ఆనవాళ్లను అంత ఓపికగా అమర్చి, కారు దృశ్యానికి అలాంటి ఒక్క ఆనవాలైనా ఇవ్వలేదు. ఆ తేడాకు విలువ ఇవ్వడమే పాఠాన్ని గౌరవించడం.

సూ-మి మంచం దగ్గరికి వచ్చే మెడ వాలిన స్త్రీ విషయం వేరు. ఆమెను సూ-మి తప్ప ఇంకెవరూ చూడలేదు, అదీ నిద్రకూ మెలకువకూ మధ్య. ఉరివేసుకొని చనిపోయిన తల్లి రూపం అది. దాన్ని కలగా, భ్రాంతిగా లెక్కకట్టడానికి అభ్యంతరం లేదు. తెరమీద అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే ఆకారమే సాక్ష్యంగా అన్నిటికంటే బలహీనమైనది కావడం ఆలోచించదగిన విషయం.

6. బీరువా తెలిసినది, సూ-మికి తెలియనిది:

రెండో ఘట్టం చిత్రాంతంలోనిది. అసలు ఉన్-జూ చికిత్సాలయానికి వచ్చి సూ-మితో సఖ్యత కోరుతుంది. సూ-మి మాట్లాడదు. లేచి వెళ్లబోతున్న ఆమె చేతిని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. సింకు కింద చేయి పట్టుకున్న దృశ్యం చూసినవారికి ఈ పట్టు మామూలుగా అనిపించదు. ఆ రాత్రి ఇంట్లో ఉన్-జూకు పై గదిలో చప్పుడు వినిపిస్తుంది. సూ-యోన్ గదిలోకి వెళ్తుంది. బీరువాలోనుంచి ఒక ఆకారం వెలువడుతుంది.

ఇక్కడ కెమెరా గతంలోకి వెళ్లి 'ఆ రోజు'ను చూపుతుంది. జబ్బుపడ్డ తల్లికి సేవచేయడానికి వచ్చిన నర్సు ఉన్-జూ. తండ్రికీ ఆమెకూ మధ్య ఏర్పడిన సంబంధం ఇంటిని విరిచేసింది. తల్లి సూ-యోన్ గదిలోని బీరువాలో ఉరి వేసుకుంటుంది. నిద్రలేచి చూసిన సూ-యోన్ తల్లిని బయటికి లాగబోతుంది. బరువుకు బీరువా ఆమెమీద పడిపోతుంది. చప్పుడు విన్న ఉన్-జూ గదిలోకి వచ్చి, బీరువా కింద ఇంకా కొట్టుకుంటున్న పిల్లను చూస్తుంది. చూసి బయటికి వచ్చేస్తుంది. మళ్లీ మనసు మార్చుకొని వెనక్కి తిరుగుతుంది. సరిగ్గా అప్పుడు సూ-మి ఎదురవుతుంది. ఇద్దరికీ మాటా మాటా పెరుగుతుంది. సూ-మి నిష్ఠూరంగా మాట్లాడుతుంది. ఈ క్షణానికి నువ్వు పశ్చాత్తాపపడతావేమో, గుర్తుపెట్టుకో అని ఉన్-జూ హెచ్చరిస్తుంది. పిల్ల అక్కడ చనిపోతున్నదని చెప్పదు. నీతో ఒకే చోట ఉండటంకంటే ఘోరం ఏముంటుందన్న ధోరణిలో సూ-మి విసురుగా ఇల్లు దాటి వెళ్లిపోతుంది.

భయానక చిత్రాల్లో రక్తం ఎంత కారినా మరిచిపోతాం. మెట్లపైన ఒకటి రెండు నిమిషాలు జరిగిన ఈ సంభాషణ మరపుకు రాదు. ఇద్దరిలో ఎవరు ఒక్క మెత్తని మాట అన్నా ఆ పిల్ల బతికేదేమో. ఉన్-జూ పూర్తి రాక్షసి కాదు, వెనక్కి తిరిగింది. సూ-మి పూర్తి నిర్దోషి కాదు. తిరిగినదాన్ని మళ్లీ మళ్లించింది. అయితే ఇద్దరికీ మధ్య ఒక తేడా ఉంది, నా వాదమంతా దానిమీదే ఆధారపడింది. ఉన్-జూ తెలిసి వెళ్లిపోయింది. సూ-మి తెలియక వెళ్లిపోయింది.

గదిలోకి వెళ్లిన ఉన్-జూ ఏం చూసిందో సూ-మి ఎన్నడూ చూడలేదు. తరవాత ఎవరైనా చెప్పారనడానికి చిత్రంలో సూచన లేదు. చెప్పగలిగింది ఉన్-జూ ఒక్కతే. కాబట్టి సూ-మి భ్రాంతులన్నీ ఆమెకు తెలిసిన పరిధిలోనే తిరుగుతాయి: చెల్లెలు పోయింది, బీరువాలో పోయింది, నేను వినలేదు, ఈ స్త్రీ కారణం. చివరి మాటకు ఆమె దగ్గర అనుమానం, ద్వేషం తప్ప రుజువు లేదు. ఆ రుజువు ఉన్నది ఇద్దరి దగ్గర. ఒకరు నోరు విప్పరు, ఇంకొకరు చనిపోయారు. అందుకే చిత్రానికి దయ్యం అవసరమైంది. చివరి దయ్యం సూ-మికి కాక ఉన్-జూకు కనిపించడం, వైద్యుడు 'బాగుచేయగల' మనిషి ఇంట్లో లేనప్పుడు కనిపించడం కాకతాళీయం కాదు. మూలకథలోని దయ్యం అధికారి దగ్గరికి వెళ్లింది. వినే అధికారి లేని ఈ కథలో అది నేరుగా ముద్దాయి దగ్గరికి వెళ్లింది. ఆమె గతి ఏమైందో చిత్రం తేటగా చెప్పకపోవడం కూడా సమంజసమే. తీర్పు చెప్పే కుర్చీ ఈ కథలో ఖాళీగా ఉంది.

సూ-మికి భ్రాంతి అని తేల్చి ఊరుకునే పఠనంవల్ల కలిగే నష్టం ఇక్కడ అర్థమవుతుంది. ఆమె చూసినవి అబద్ధం కాబట్టి ఆమె ఆరోపించినదీ అబద్ధమే అన్న నిర్ణయం దానివెంటే వస్తుంది. ఆ ఇంటి పెద్దలకు కావలసిన నిర్ణయం కూడా అదే. పిల్లకు మతి చెడింది, మందులు ఇస్తున్నాం అన్న మాటతో ఆ రోజు మెట్లమీద ఏం జరిగిందన్న విచారణ మూతపడుతుంది. రోగం నిజమే. ఆరోపణ కూడా నిజమే. ఈ రెండూ ఒకేసారి నిజం కావడానికి భ్రాంతి ఒక్కటే సరిపోదు.

అమెరికాలో 2009లో గార్డ్ సోదరులు 'ది అనిన్వైటెడ్' పేరుతో చేసిన పునర్నిర్మాణం ఈ విషయాన్ని పరోక్షంగా రుజువు చేస్తుంది. అక్కడ అక్కచెల్లెళ్లలో ఒకరు ముందే చనిపోయారన్న మలుపును ఉంచుకున్నారు. తండ్రి ప్రియురాలైన నర్సును మాత్రం నిర్దోషిని చేశారు. ఆమెమీద అనుమానమంతా రోగి అయిన అమ్మాయి కల్పన, తల్లి మరణానికి దారితీసిన పనీ ఆ అమ్మాయిదే. నర్సుపై నేరం మోపిన ఆకారాలు చివరికి రోగి మనసుకు దాఖలా అయిపోయాయి. దయ్యాన్ని తీసేయగానే నేరం మొత్తం పిల్ల నెత్తిన పడింది. కథ చక్కగా అతికింది, గుండెలో ముల్లు పోయింది.

7. ఏమీ చూడని తండ్రి:

ఇంతవరకూ తండ్రిని పక్కన ఉంచాను. చిత్రం కూడా అలాగే ఉంచుతుంది. ఆ ఇంటి మనుషుల్లో సూ-మి చూసింది, ఉన్-జూ చూసింది, ఒక్క పూట చుట్టపుచూపుగా వచ్చిన తమ్ముడి భార్య చూసింది. తండ్రికి మాత్రం ఏ రాత్రీ ఏ ఆకారమూ కనిపించలేదు. ఆయన ఫోనులో మెల్లగా మాట్లాడతాడు, మాత్రలు అందిస్తాడు, సోఫాలో పడుకుంటాడు. కూతురి మీద ప్రేమ లేనివాడు కాదు. అలసిపోయినవాడు. అయినా తల్లి చావుకూ సూ-యోన్ చావుకూ దారితీసిన మొదటి పని ఆయనది.

దయ్యం కనిపించకపోవడం మానసిక ఆరోగ్యానికి గుర్తు అనుకొంటే ఈ ఇంట్లో ఆరోగ్యవంతుడు ఆయనొక్కడే. చోసన్ కాలపు కథ సవతితల్లిని చంపి తండ్రిని క్షమించింది, మళ్లీ పెళ్లి కూడా చేసింది. కిమ్ జీ-ఉన్ ఆ క్షమను కొనసాగించాడా, ఎత్తిచూపాడా అన్నది విమర్శకులు తేల్చవలసిన విషయం. ఎత్తిచూపాడనే నేను అనుకొంటున్నాను. ఎందుకంటే చిత్రంలో ఆయన్ను చూపినప్పుడల్లా వెనక ఏదో ఒక తలుపు ఉన్నట్టే ఉంటుంది, ఆయన దాన్ని తెరవడు. 'ఆ రోజు' ఇంట్లో అంత పెద్ద చప్పుడు అయినప్పుడు మేడపైకి వెళ్లింది ఉన్-జూ, ఆయన కాదు.